కంటి మూర

మెహదీపట్నం రైతుబజార్ బయట పూలమ్మే ఆమెకూ మా అత్తమ్మకూ వారానికోసారి పంచాయితీ పడుతుంది. గొడవ ధర గురించి కాదు, మూర గురించి. పూలామె మోచేతి నుంచి వేలి కొస దాకా మల్లెదండ పట్టి కొలుస్తుంది. "నీ చెయ్యి చిన్నగున్నది, నా చేత్తోని కొలువు" అంటుంది అత్తమ్మ. అత్తమ్మ చెయ్యి నిజంగానే పొడవు. పూలామె ఒప్పుకోదు. చివరికి ఒక బెత్తెడు ఎక్కువ తెంపి ఇచ్చాక ఇద్దరూ నవ్వుకుంటారు.

మన పాత కొలతలన్నీ ఒంట్లోంచి వచ్చినవే. బెత్తెడు, జాన, మూర, బార, నిలువు, అడుగు. ఇంకాస్త దూరమైతే కూతవేటు, అంటే ఒక మనిషి అరుపు వినిపించేంత దూరం. ఆ మనిషికి జలుబు చేస్తే కూతవేటు తగ్గుతుందా అని ఎవరూ అడిగినట్టు లేదు గానీ, అడగాల్సిన ప్రశ్నే. మీటర్లు, కిలోమీటర్లు వచ్చాక ఆ గోల పోయిందనుకున్నాం. మరి కళ్ళ సంగతేమిటి? ఎదురుగా ఉన్న గుట్ట ఎంత నిటారో, రోడ్డు అవతలి గట్టు ఎంత దూరమో అంచనా వేసేటప్పుడు కంటి దగ్గర టేపు ఉండదు. అది ఏ మూరతో కొలుస్తోంది? బరువు మోస్తున్నప్పుడు, ఒంట్లో ఓపిక లేనప్పుడు, మోకాళ్ళు నొస్తున్నప్పుడు ఆ మూర మారిపోతుందా?

మారుతుందని కొందరు శాస్త్రవేత్తలు పాతికేళ్ళుగా చెబుతున్నారు. మారేది చూపు కాదు, మీరు చెప్పే జవాబు అని ఇంకొందరు అంటున్నారు. ఈ తగువులో సగమే మనదాకా వచ్చింది. "అలసిపోతే కొండ నిటారుగా కనిపిస్తుందట" అన్న ముక్క పేపర్లలో, వాట్సాప్‌లో తిరుగుతుంది. మిగతా సగం దానికంటే ఆసక్తిగా ఉంటుంది.

ముందు ఎవరూ కాదనని సంగతి చెప్తాను. మా కాలనీ వెనకాల గుట్ట మీదికి ఒక సీసీ రోడ్డు పోతుంది. స్కూటీ మీద ఇద్దరం కూర్చుంటే బండి మూలుగుతుంది. ఒక ఆదివారం ఆ రోడ్డు మొదట్లో నిలబడి ఇది ఎన్ని డిగ్రీల ఏటవాలో చెప్పుకుందామని పందెం వేసుకున్నాం. నేను 25 అన్నాను. మా ఆయన సివిల్ ఇంజనీరింగ్ చదివి కూడా 30 అన్నాడు. తర్వాత రోడ్డు మీద ఒక చెక్క పెట్టి, దానిమీద ఫోన్ పెట్టి లెవెల్ చూస్తే 6 వచ్చింది. నమ్మకం కుదరక ఇంకో రెండు చోట్ల పెట్టాం. 5, మళ్ళీ 6.

6 డిగ్రీలంటే 100 మీటర్లు ముందుకు పోయేసరికి పదిన్నర మీటర్లు పైకి ఎక్కుతాం. అది తక్కువేమీ కాదు. ప్రపంచంలోకెల్లా నిటారైన వీధిగా గిన్నిస్ గుర్తించిన బాల్డ్విన్ స్ట్రీట్, న్యూజిలాండ్‌లోని డునెడిన్ ఊళ్ళోది, దాదాపు 19 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. ఇళ్ళల్లో మేడమెట్లు మామూలుగా 30 నుంచి 35 డిగ్రీల మధ్య ఉంటాయి. అంటే మా ఆయన లెక్క ప్రకారం మేం రోజూ స్కూటీని మేడమెట్ల మీద నడుపుతున్నాం.

ఇది మా ఇంటి తెలివితక్కువతనం కాదు. అమెరికాలోని వర్జీనియా యూనివర్సిటీలో డెనిస్ ప్రాఫిట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1995లో తన సహచరులతో కలిసి ఇదే సంగతి బయటపెట్టాడు. క్యాంపస్‌లోని కొండల కింద విద్యార్థులను నిలబెట్టి, ఏటవాలు ఎంతో మూడు రకాలుగా అడిగారు. నోటితో డిగ్రీలు చెప్పమన్నారు. చేతిలో పట్టుకునే ఒక చక్రాన్ని తిప్పి కొండ వాలుకు సరిపోయేలా పెట్టమన్నారు. మూడోది, ఒక పలక మీద అరచెయ్యి ఆనించి, చేతి వంక చూడకుండా, ఎదుటి వాలుకు సమానంగా ఆ పలకను వంచమన్నారు. నోరూ చక్రమూ రెండూ ఘోరంగా పెంచి చెప్పాయి. 5 డిగ్రీల కొండ వాళ్ళకు సుమారు 20 డిగ్రీలు, 10 డిగ్రీలది సుమారు 30. అరచెయ్యి మాత్రం అసలు కొలతకు దగ్గరగా వచ్చింది. చెయ్యికి తెలిసింది నోటికి తెలియనట్టుగా.

కొండలు అందరికీ ఉన్నదానికన్నా నిటారుగానే అనిపిస్తాయి. అలసిపోయినా, ఇప్పుడే నిద్రలేచి ఉత్సాహంగా ఉన్నా. గుట్టల ఊళ్ళో ఉండే మనం దీన్ని పట్టించుకోం. గోల్కొండ అంటే గొల్లకొండ. మౌలాలి గుట్ట, అడ్డగుట్ట, బిర్లామందిర్ ఉన్న నౌబత్ పహాడ్, హిల్స్ అని తోక తగిలించుకున్న బంజారా, జూబ్లీ. రెండువందల యాభై కోట్ల ఏళ్ళనాటి గ్రానైట్ మీద ఎక్కుతూ దిగుతూ బతికే ఊరు ఇది. అయినా ఒక్క రోడ్డు వాలు కూడా మనకు సరిగ్గా తెలియదు.

తగువు మొదలయ్యేది దీని తర్వాత. 1999లో ముకుల్ భల్లా, ప్రాఫిట్ కలిసి అడుగు ముందుకు వేశారు. కొందరికి వాళ్ళ ఒంటి బరువులో ఐదో వంతో ఆరో వంతో ఉన్న బ్యాగును వీపుకు తగిలించారు. ఇంకొందరిని అలసిపోయేలా పరుగెత్తించి, ముందూ తర్వాతా కొండలు చూపించారు. వ్యాయామం అలవాటున్నవాళ్ళనూ లేనివాళ్ళనూ పోల్చారు. ముసలివాళ్ళను, ఆరోగ్యం బాగాలేనివాళ్ళను అడిగారు. అన్నిట్లోనూ ఒకటే పోకడ. ఓపిక తక్కువైన కొద్దీ, బరువు ఎక్కువైన కొద్దీ నోరు చెప్పే డిగ్రీలు పెరిగాయి. పలక మీది అరచెయ్యి మాత్రం కదల్లేదు.

ఆ తర్వాత ఇలాంటివి వరసగా వచ్చాయి. 2003లో బ్యాగు మోసేవాళ్ళు చదును నేల మీది దూరాన్ని కూడా బ్యాగు లేనివాళ్ళకన్నా ఎక్కువ చేసి చెప్పారు. 2008లో స్కేట్‌బోర్డు మీద నిలబడి కొండ పైనుంచి కిందికి చూసినవాళ్ళలో భయపడ్డవాళ్ళకు వాలు ఇంకా నిటారుగా తోచింది. అదే ఏడాది సిమోనే ష్నాల్ బృందం పక్కన స్నేహితుడు ఉంటే కొండ కాస్త తగ్గినట్టు కనిపిస్తుందని, స్నేహం ఎంత పాతదైతే అంత తగ్గుతుందని తేల్చింది. 2010లో చక్కెర కలిపిన డ్రింక్ తాగినవాళ్ళు, చక్కెర లేని తీపి డ్రింక్ తాగినవాళ్ళకన్నా తక్కువ డిగ్రీలు చెప్పారు. బరువు, భయం, స్నేహం, షర్బత్, అన్నీ కొండను వంచేస్తున్నాయి. వినడానికి ఎంత బాగుందో చూడండి. అనుమానం రావాల్సింది కూడా అందుకే.

అనుమానానికి ముందు వాళ్ళ వాదన న్యాయంగా వినాలి, ఎందుకంటే అందులో గట్టి ముక్క ఉంది. కంటికి మీటర్లు అందవు, కోణాలే అందుతాయి. చార్మినార్‌కు కొంచెం దూరంలో నిలబడి చెయ్యి చాపి బొటనవేలు ఎత్తితే ఒక మినార్ మాయమైపోతుంది. వేలు మినార్ అంత ఉందని కాదు గదా. రెండూ కంట్లో ఒకే కోణంలో ఇమిడాయి, అంతే. ఆ కోణాన్ని ఒక సైజుగా, ఒక దూరంగా మార్చాలంటే ఏదో ఒక మూరకర్ర కావాలి. అది ఎక్కడి నుంచి వస్తుంది?

ఒక మూరకర్ర మనకు ఖాయంగా తెలుసు. అది మన కంటి ఎత్తు. చదునైన పెద్ద మైదానంలో నిలబడితే దూరాన నేలా ఆకాశమూ కలిసే గీత, అదే నేల మీద ఉన్న ప్రతి వస్తువునూ సరిగ్గా మన కంటి ఎత్తు దగ్గర కోస్తుంది. ఒక స్తంభాన్ని ఆ గీత సగంలో కోసిందంటే ఆ స్తంభం మన కంటి ఎత్తుకు రెండింతలు. టేపు అక్కర్లేదు. దూరానికీ ఇదే సాధనం. కాళ్ళ దగ్గరి వస్తువును చూడాలంటే చూపు బాగా కిందికి వంచాలి, దూరంగా ఉన్నదాన్ని చూడాలంటే కొంచెం వంచితే చాలు. ఆ వంపు, కంటి ఎత్తు తెలిస్తే దూరం లెక్క వచ్చేస్తుంది. అందుకే చిన్నప్పుడు తిరిగిన బడి పెద్దయ్యాక చూస్తే చిన్నదైపోయినట్టు ఉంటుందేమో. మూరకర్రే పెరిగిపోయింది.

ఒళ్ళు మారితే లోకం సైజు మారుతుందని చూపించే విచిత్రమైన ప్రయోగం ఒకటి 2011లో స్టాక్‌హోమ్‌లోని కరోలిన్స్కా ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు చేశారు. పడుకున్న మనిషికి కళ్ళజోడులాంటి తెరలు పెట్టి, తన ఒంటికి బదులు ఒక బొమ్మ ఒళ్ళు కనిపించేలా చేశారు. బొమ్మ కాలినీ మనిషి కాలినీ ఒకేసారి పుల్లతో తాకుతూ పోతే, కాసేపటికి ఆ బొమ్మ ఒళ్ళే తనదనిపిస్తుంది. బొమ్మ చిన్నదైతే ఎదుటి వస్తువులు పెద్దవిగా, దూరంగా తోచాయి. బొమ్మ భారీగా ఉంటే అవే వస్తువులు చిన్నవిగా, దగ్గరగా. అత్తమ్మ చేతికీ పూలామె చేతికీ ఉన్న తేడానే, చూపులోకి వచ్చింది.

ప్రాఫిట్ ఈ దారినే కొండ దాకా పొడిగించాడు. అందుకోవాల్సిన వస్తువుకు చెయ్యి మూరకర్ర అయితే, దాటాల్సిన సందుకు ఒంటి వెడల్పు మూరకర్ర అయితే, ఎక్కాల్సిన కొండకు మూరకర్ర ఏమిటి? ఎక్కడానికి ఖర్చయ్యే శక్తి. మన మాటల్లో చెప్పాలంటే ఆయాసం. ఒంట్లో శక్తి తక్కువుంటే ఆ కర్ర పొట్టిదవుతుంది, కొండ ఎక్కువ మూరలు వస్తుంది. లోకాన్ని మనం చేయగలిగిన పనుల రూపంలో చూస్తామని జేమ్స్ గిబ్సన్ 1979లో రాసిన పుస్తకంలో వాదించాడు, ఈ ఆలోచనకు వేరు అక్కడుంది. కొండను ఉన్నదానికన్నా నిటారుగా చూపడం కూడా ఒళ్ళు మనకు చేసే మేలేనని, తొందరపడి ఎక్కి అలసిపోకుండా కాపాడుతుందని ప్రాఫిట్ అంటాడు.

ఇప్పుడు అనుమానం. స్వార్త్‌మోర్ కాలేజీలో ఫ్రాంక్ డర్గిన్ అనే శాస్త్రవేత్త 2009లో అడిగిన ప్రశ్న మన పక్కింటివాళ్ళు కూడా అడిగేదే. ఒకాయన వచ్చి మీ వీపుకు బరువైన బ్యాగు తగిలించి, కారణం చెప్పకుండా "ఈ వాలు ఎంత నిటారుగా ఉంది?" అంటే మీరేమనుకుంటారు? బ్యాగుకూ ప్రశ్నకూ ఏదో సంబంధం ఉందని, ఎక్కువ చెప్పాలేమోనని అనుకోరూ? పెళ్ళిలో వడ్డించినాయన "కూర ఎట్లుంది?" అని అడిగితే ఉప్పు తక్కువైందని ఎంతమంది చెప్తారు? డర్గిన్ బృందం కొందరికి మామూలుగా బ్యాగు తగిలించింది. ఇంకొందరికి అదే బరువు తగిలించి, ఇందులో మీ చీలమండ కండరాలను కొలిచే మిషన్ ఉందని నమ్మేలా చెప్పింది. రెండోవాళ్ళలో బ్యాగు మహిమ మాయమైంది. బ్యాగు లేనివాళ్ళు చెప్పినంతే చెప్పారు. బరువు అదే, వాలు అదే, మారింది బ్యాగు గురించిన కథ ఒక్కటే.

ప్రాఫిట్ ఊరుకోలేదు. డర్గిన్ వాడింది గదిలో పెట్టిన రెండు మీటర్ల చెక్క వాలు, దాన్ని ఎక్కడానికి ఎవరికి ఆయాసం వస్తుంది, కొండ వేరు అన్నాడు. నాకు ఈ జవాబు సబబుగానే అనిపించింది. డర్గిన్ అప్పుడు నిజం కొండ దగ్గరికే పోయాడు. అక్కడా బ్యాగు గురించి, చక్కెర గురించి ఎవరేం ఊహించుకున్నారన్న దాన్ని బట్టే జవాబులు మారాయి. 2013లో డెనిస్ షాఫర్ తదితరులు డర్గిన్‌తో కలిసి చక్కెర సంగతిని మళ్ళీ పరీక్షించి, పని చేసింది రక్తంలో చక్కెర కాదు, దాని గురించి మనుషుల నమ్మకమేనని చెప్పారు. దూరం మీద బ్యాగు ప్రభావం కూడా అంతకుముందే, 2006లో, హచిసన్, లూమిస్ చేసినప్పుడు కనిపించలేదు.

చాజ్ ఫైర్‌స్టోన్ 2013లో వేసిన ప్రశ్న ఇంకా సూటిగా ఉంటుంది. బరువు మోస్తే కొండ నిటారుగా *కనిపించేటట్టయితే*, బరువు దించిన క్షణంలో కొండ వాలిపోవడం మనకు కనిపించాలి గదా? సంచులు కింద పెట్టి ఊపిరి పీల్చుకున్నప్పుడు రోడ్డు మెల్లగా చదునవడం ఎవరైనా చూశారా? నేను ఆ సీసీ రోడ్డు దగ్గర బియ్యం సంచితో ప్రయత్నించాను. నడుము తేలికపడింది, రోడ్డు మాత్రం అలాగే ఉంది.

ఫైర్‌స్టోన్, ఆయన గురువు బ్రయన్ షోల్ కలిసి యేల్ యూనివర్సిటీలో 2014లో చేసిన పని ఈ మొత్తం కథలో నాకు బాగా నచ్చింది. ఎల్ గ్రెకో అనే పాతకాలపు చిత్రకారుడు మనుషులను సాగదీసినట్టు పొడుగ్గా గీసేవాడు. ఆయన కంట్లో దోషం ఉందని, మనుషులు ఆయనకు అలాగే కనిపించేవారని కొందరు అన్నారు. తర్కం బాగుందనిపిస్తుంది, ఒక్క నిమిషం ఆలోచించే దాకా. లోకం సాగి కనిపించేవాడికి తను గీస్తున్న బొమ్మ కూడా సాగే కనిపిస్తుంది. బొమ్మ మనిషిలా ఉండాలంటే దాన్ని ఎదుటి మనిషి ఎంతుంటే అంతే గీస్తాడు. దోషానికి దోషం చెల్లు. కాబట్టి పొడుగు బొమ్మలకు కారణం కన్ను కాదు.

ఇదే తర్కాన్ని వాళ్ళు ఒక పాత ప్రయోగం మీద పెట్టారు. అడ్డంగా పొడవైన కర్ర పట్టుకుని ఉంటే ఎదుటి సందు ఇరుకుగా కనిపిస్తుందని 2009లో ఒక పరిశోధన చెప్పింది. పాతబస్తీ గల్లీలో కర్టెన్ రాడ్డు మోసుకుపోయిన ఎవరికైనా నిజమే అనిపిస్తుంది. ఆ ప్రయోగంలో సందు వెడల్పును ఒక టేపు మీద చూపించమన్నారు. ఫైర్‌స్టోన్, షోల్ టేపు తీసేసి, ఇంకో సందునే వెడల్పు చేస్తూ తగ్గిస్తూ "ఆ సందంత అయ్యిందా?" అని అడిగారు. కర్ర పట్టుకున్నందుకు సందులు ఇరుకుగా కనిపిస్తే రెండో సందు కూడా ఇరుకుగానే కనిపించాలి, తేడా చెల్లిపోవాలి. చెల్లలేదు. మునుపటిలాగే తక్కువ చేసి చూపించారు. అంటే అది చూపు పని కాదు. ఆ కర్ర బ్యాలెన్స్ కోసమని వేరే కథ చెప్తే ప్రభావమే పోయింది. ఒక ప్రయోగం పని చేయకూడని చోట కూడా పని చేస్తే అది చెడ్డ వార్త అని అంతకుముందు నాకు తట్టలేదు.

మరి కొండలు అందరికీ నిటారుగా ఎందుకు అనిపిస్తాయి? అది అలసట లేకుండానే ఉంది గదా. డర్గిన్ దగ్గర దీనికి ఒక లెక్క ఉంది, లెక్కలంటే టెన్షన్ ఉన్నవాళ్ళు కూడా దీన్ని పట్టుకోగలరు. చూపు కోణాలను మనం సుమారు ఒకటిన్నర రెట్లు పెంచి గ్రహిస్తామంటాడు ఆయన. నా కంటి ఎత్తు ఒకటిన్నర మీటర్లు అనుకోండి. 15 మీటర్ల దూరంలో నేల మీద ఉన్న వస్తువును చూడాలంటే చూపును 5.7 డిగ్రీలు కిందికి వంచాలి. ఆ వంపు నాకు ఒకటిన్నర రెట్లు, అంటే 8.6 డిగ్రీలుగా తోస్తే, లెక్క ప్రకారం వస్తువు 10 మీటర్లలోనే ఉన్నట్టు అనిపిస్తుంది. చదును మీది దూరాన్ని మనుషులు తక్కువ చేసి చెప్తారన్న సంగతి ప్రయోగాల్లో చాలాసార్లు తేలిందే. కోణం పెరిగిందనుకుంటే ఇటు వాలు నిటారవుతుంది, అటు దూరం తగ్గుతుంది. రెండు తప్పులు ఒకే పొరపాటుకు పుట్టిన కవలలు.

అయితే ఇది పొరపాటేనా? తక్కువ డిగ్రీల దగ్గరే మనకు సూక్ష్మంగా తేడాలు తెలియాలి. 4 డిగ్రీల రోడ్డుకీ 7 డిగ్రీల రోడ్డుకీ తేడా స్కూటీకి ప్రాణసంకటం. 64కీ 67కీ తేడాతో మనకు పనిలేదు, రెండిటినీ ఎక్కలేం. పని ఉన్న చోట గీతలను సాగదీసిన స్కేలులాంటిది ఇది. అంకె తప్పు చెప్తుంది, తేడా మాత్రం బాగా పట్టిస్తుంది. అడుగులు సరిగ్గానే పడతాయి, ఎందుకంటే కాళ్ళు కూడా ఆ సాగిన స్కేలుకే అలవాటు పడ్డాయి. కళ్ళకు గంతలు కట్టి, ఇప్పుడే చూసిన గుర్తు దాకా నడవమంటే మనుషులు 20 మీటర్ల వరకు చాలా చక్కగా చేరుకుంటారు. నోరు తప్పు చెప్పిన దూరాన్నే కాళ్ళు తప్పు లేకుండా నడిచేస్తాయి.

ఇక్కడ భాష గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఈ తగువులో సగం మాటల్లోనే ఉందని నా అనుమానం. హైదరాబాద్‌లో ఎవరినైనా "ఎంత దూరం?" అని అడగండి. కిలోమీటర్లు చెప్పరు. "పది నిమిషాలు" అంటారు, "ట్రాఫిక్ ఉంటే గంట" అంటారు. కూకట్‌పల్లిలో ఉండే మా ఆడబిడ్డ ఫంక్షన్‌కు రానని చెప్పడానికి వాడే మాట "దూరం గదా వదినా" అని. ఇల్లు జరిగిందని కాదు, రావడానికి ఓపిక లేదని. దూరం అన్న మాటలోనే ఖర్చు ఇమిడి ఉంది. అలాంటి మాట వాడి, అలసిన మనిషిని "అది ఎంత దూరం?" అని అడిగితే ఆ జవాబులో కన్ను ఎంత, కాళ్ళు ఎంత, మనసు ఎంత?

ఇది నా ఊహ మాత్రమే కాదు. 2009లో వుడ్స్, ఫిల్‌బెక్, డానాఫ్ ప్రశ్న అడిగే తీరును మార్చి చూశారు. వస్తువు నిజంగా ఎంత దూరంలో ఉందో చెప్పమన్నప్పుడు శ్రమ ప్రభావం లేదు. చూపుతో సంబంధం లేనివి కూడా కలుపుకుని, మీకు ఎంత దూరమనిపిస్తుందో చెప్పమన్నప్పుడే శ్రమ జవాబులోకి వచ్చింది. మనుషులు అబద్ధం చెప్పడం లేదు. అడిగినదానికి జవాబు చెప్తున్నారు.

అయితే బ్యాగు పోయింది గనక ఒంటికి చూపుతో సంబంధమే లేదనడం కూడా తొందరపాటే. బ్యాగును ఎవరో తగిలించాలి. మోకాళ్ళ నొప్పిని, ఒంటి బరువును ఎవరూ వచ్చి తగిలించరు, అవి మనతోనే వస్తాయి. జెసికా విట్ తదితరులు 2009లో దీర్ఘకాలంగా నొప్పితో బాధపడేవాళ్ళు దూరాలను ఎక్కువ చేసి చెప్తారని చూపించారు. 2016లో విట్ సహచరులతో కలిసి చేసిన మరో పనిలో, బరువెక్కువున్నవాళ్ళు దూరాన్ని ఎక్కువ చెప్పారు. అయితే తాము లావుగా ఉన్నామని అనుకోవడం వల్ల కాదు, నిజంగా ఉన్న బరువును బట్టి. అనుకోవడమే కారణమైతే డర్గిన్ గెలిచేవాడు. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో ఫ్రాంక్ ఈవ్స్ అనే ఆయన ఎస్కలేటర్, మెట్లు పక్కపక్కన ఉన్న చోట జనాన్ని అడిగాడు. మెట్లు తప్పించుకుని ఎస్కలేటర్ ఎక్కేవాళ్ళు అవే మెట్లను ఇంకా నిటారని చెప్పారు. అమీర్‌పేట మెట్రోలో సాయంత్రం ఆరింటికి ఎస్కలేటర్ ముందు క్యూ కట్టి, పక్కన ఖాళీగా ఉన్న మెట్ల వంక ఒక చూపు చూసి తల తిప్పుకున్నప్పుడల్లా నాకు ఈవ్స్ గుర్తొస్తాడు. మెట్లు నిటారుగా కనిపించి తప్పించుకుంటున్నామా, తప్పించుకోవాలని ముందే అనుకుని నిటారని చెబుతున్నామా? ఆ సర్వే దీన్ని తేల్చలేదు.

చేతికి అందే దూరం విషయంలో మాత్రం నేను ప్రాఫిట్ వైపే కొంచెం మొగ్గుతాను. జామచెట్టు కింద దోటి పట్టుకుని నిలబడితే కాయ దగ్గరికి వచ్చినట్టుంటుంది గదా? చేతికి అందని గుర్తును ఒక కర్రతో అందుకోమంటే ఆ గుర్తు దగ్గరగా ఉన్నట్టు మనుషులు చెప్తారని విట్, ప్రాఫిట్, ఎప్‌స్టీన్ 2005లో చూపారు. దీన్ని కూడా జవాబుల మాయ అని కొట్టేయవచ్చు, కానీ దానికి తొమ్మిదేళ్ళ ముందే కోతుల్లో ఒక సాక్ష్యం ఉంది. 1996లో జపాన్‌లో అత్సుషి ఇరికి బృందం కోతులకు చిన్న దంతెలాంటి పరికరంతో తిండిని దగ్గరికి లాక్కోవడం నేర్పింది. చెయ్యికి దగ్గరగా వచ్చినవాటికి మాత్రమే స్పందించే మెదడు కణాలు కొన్ని, పరికరం వాడిన కాసేపటికి ఆ పరికరం కొస దాకా స్పందించడం మొదలుపెట్టాయి. పరికరాన్ని ఊరికే పట్టుకుంటే కాదు, వాడితేనే. ప్రశ్న ఏమిటో ఊహించి శాస్త్రవేత్తను సంతోషపెట్టాలని కోతి అనుకోదు.

కాబట్టి నాకు అర్థమైనంతలో అరచేతి దూరానికీ కొండ దూరానికీ ఒకే సిద్ధాంతం సరిపోదు. దగ్గరి లోకాన్ని ఒళ్ళు కొలుస్తుంది, నిజంగానే. దూరపు లోకంలో ఒళ్ళు కొలతను మార్చదు, ఆ కొలత చూసి పోవాలా వద్దా అని తీర్పు చెప్తుంది. ఆ తీర్పు ఎంత త్వరగా వస్తుందంటే మనం దాన్ని చూపనుకుంటాం. నేను ఇలా అనుకుంటున్నానని చెప్తే ప్రాఫిట్ శిష్యులు ఒప్పుకోరు. విట్ ఇప్పటికీ వాదిస్తూనే ఉంది.

ఇదంతా చదివి తలకెక్కించుకున్న ఏడాదే ఆషాఢంలో గోల్కొండ బోనాలకు అత్తమ్మతో పోయాను. పట్నంలో బోనాలు మొదలయ్యేది అక్కడే, కోట మీది జగదాంబ అమ్మవారి దగ్గర. అత్తమ్మకు రెండు మోకాళ్ళూ నొప్పే. ఇంట్లో మూడో అంతస్తుకు లిఫ్ట్ లేకపోతే దిగడం మానేస్తుంది. కోట పైనున్న బాలాహిస్సార్ దాకా మూడువందల పైచిలుకు మెట్లు. నెత్తిన బోనం, అందులో అన్నం, బెల్లం, పెరుగు, పైన దీపం. బ్యాగు సిద్ధాంతం నిజమైతే ఆ రోజు ఆ కొండ ఆమెకు గోడలా నిలబడాలి. ష్నాల్ చెప్పింది నిజమైతే చుట్టూ వందలమంది ఉన్నారు గనక కొండ వంగాలి. నాకు నిజంగానే తెలుసుకోవాలనిపించింది. పైకి చేరి, బోనం దించి, చెమట తుడుచుకున్నాక అడిగాను.

"అత్తమ్మా, ఎక్కేటప్పుడు గుట్ట ఎంత నిటారుగ కనిపించింది?"

"గుట్టనా?" అంది. "బోనమెత్తుకున్నోళ్ళు గుట్టను చూస్తరా బిడ్డా? తలకాయ తిప్పరాదు. ముందామె చీరె చూసుకుంట పోయిన."

దిగేటప్పుడు నెత్తి ఖాళీ. నా భుజం పట్టుకుని, ప్రతి మెట్టు దగ్గరా ఆగి, కిందికి చూసి, "అబ్బ, ఇంత నిటారున్నదా ఇది" అనుకుంటూ ఒక్కో అడుగే వేసింది.